పగుళ్ల డాలరుంటేనే పచ్చని కాపురం

పెళ్లి సంబంధం చూసేటప్పుడు మనవాళ్లు అబ్బాయి చదువు అడుగుతారు, ఉద్యోగం అడుగుతారు, గ్రీన్‌కార్డు వచ్చిందా అని అడుగుతారు. సిగరెట్లు కాలుస్తాడేమోనని చాటుగా వాకబు కూడా చేస్తారు. అడగవలసిన అసలు ప్రశ్న మాత్రం ఒక్కరూ అడగరు. అబ్బాయి పగుళ్లున్న పాత డాలర్లు పోగుచేస్తాడా?

చేస్తాడని తెలిస్తే ఇంక ఆలోచించకండి. పిల్లనిచ్చేయండి!

నవ్వుతున్నారా? నవ్వండి. పేకాడే భర్త ఇంటికి రాడు. టీవీలో ఫుట్‌బాల్ చూసే భర్త ఇంట్లోనే ఉంటాడు గానీ అరుస్తాడు. పగుళ్ల డాలర్ల భర్త ఎక్కడికీ పోడు, అరవడు. బేస్‌మెంట్‌లో ఒక బల్ల, ఒక దీపం, ఒక భూతద్దం. అన్నానికి పిలిస్తే "ఆఁ" అంటాడు. మళ్లీ పిలిస్తే మళ్లీ "ఆఁ" అంటాడు. కూరలో ఉప్పు రెండుసార్లు పడ్డా "ఆఁ" అనే అంటాడు. ఇంతకంటే సుఖం ఏ కాపురంలో ఉంది?

తెలియనివారి కోసం ఈ డాలర్ల సంగతి కాస్త చెప్పాలి. అమెరికా కొత్తగా దేశమైన రోజుల్లో, అంటే నూట తొంభై ఏళ్ల కిందట, ఫిలడెల్ఫియా టంకశాలలో వెండి డాలర్లు కొట్టేవారు. వెండి బిళ్ల మీద ఉక్కు అచ్చు పెట్టి గట్టిగా నొక్కేవారు. ఆ కాలపు ఉక్కు అంతంతమాత్రం. దెబ్బలు పడగా పడగా అచ్చు బీటలిచ్చేది. కొత్త అచ్చు చెక్కడం మాటలు కాదు గనక ఆ బీటల అచ్చుతోనే పని కానిచ్చేవారు. వెండి ఆ బీటలోకి పాకి, ముసలివాళ్ల చేతి మీద నరంలా, డాలరు మీద ఉబ్బెత్తు గీత పడేది. కొట్టినకొద్దీ గీత పెరిగేది. చివరికొక రోజు అచ్చు రెండు ముక్కలయ్యేది.

అంటే పగిలింది డాలరు కాదు, అచ్చు. డాలరు పగిలిందని ఈ పోగుచేసేవాళ్ల దగ్గర పొరపాటున కూడా అనకండి. సాయంత్రం దాకా వివరిస్తారు.

మనలాంటి అమాయకులు గీత లేని డాలరే మంచిదనుకుంటారు. వాళ్లకి గీతే ప్రాణం. వెంట్రుకంత గీత ఉంటే మురిసిపోతారు. డాలరు మీదున్న లిబర్టీ అమ్మాయి మొహాన్ని అడ్డంగా చీల్చిన గీత ఉంటే అప్పు చేసైనా కొంటారు. ఒకే అచ్చులోంచి వచ్చిన డాలర్లన్నీ వరసగా పెట్టి, గీత పుట్టినప్పటి నుంచి అచ్చు ప్రాణం పోయేదాకా ఒక్కొక్క దశా చూసుకుంటారు. పిల్లల ఫొటోలు వయసువారీగా ఆల్బమ్‌లో అంటించినట్టన్నమాట.

ఇలాంటి భర్త దొరికిన అదృష్టవంతురాలు మన నేపర్‌విల్‌లోనే ఉంది. పేరు రూతు.

రూతు భర్త దైవాశీర్వాదం బాపట్ల వైపు మనిషి. ఇక్కడ గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టర్. ఉద్యోగమంతా పగుళ్లు పట్టుకోవడమే. గేరు మీద వెంట్రుకంత బీట కనబడితే ఎర్రసుద్దతో కొట్టేసి చెత్తలో పారేయిస్తాడు. ఐదింటికి ఇంటికొచ్చి, కాఫీ తాగి, డాలరు మీద అంతే బీట చూసి కళ్లు తుడుచుకుంటాడు. మనిషన్నాక ఉద్యోగం వేరు, ప్రేమ వేరు.

ఆయన దగ్గర ఉన్నవి నాలుగే డాలర్లు. నాలుగూ 1799 నాటివి, నాలుగూ ఒకే అచ్చు. మొదటిదానిలో గీత అంచు దగ్గర మొలిచింది. రెండోదానిలో గడ్డం దాకా వచ్చింది. మూడోదానిలో చెంప మీద పడింది. నాలుగోది ఈ సెప్టెంబరులో, ఎనభై మూడు సెప్టెంబరులో, మిల్వాకీ కాయిన్ షోలో దొరికింది. ఆ ఆనందం పట్టలేక అక్కణ్నుంచే ఇంటికి ఫోన్ చేశాడు.

"రూతూ, చెంప దాటేసి జుట్టులోకి పాకింది."

రూతు పాలు పొంగుతున్న స్టవ్ కూడా ఆపకుండా కుర్చీలో కూలబడింది. "ఎవరికండీ? డాక్టరు ఏమన్నారు?"

ఇలాంటి భర్త వల్ల ఎన్ని లాభాలో చూడండి. మూడేళ్ల కిందట వెండి ధర ఆకాశానికి ఎక్కినప్పుడు దేశమంతా పెట్టెలు వెతికి వెండి అమ్ముకుంది. రూతు తెచ్చుకున్న వెండి గ్లాసులు ఆరూ అప్పుడే వెళ్లిపోయాయి, వాటి బదులు మూడో దశ డాలరు ఇంటికొచ్చింది. ఆరు గ్లాసులు తోముకునే శ్రమ తప్పలేదూ? ఇంక చుట్టాలంటారా, ఆ బాధే లేదు. ఒకసారి వచ్చినవారిని ఆయన బేస్‌మెంట్‌లోకి తీసుకువెళ్లి నాలుగు దశలూ చూపిస్తాడు. రెండోసారి రారు. కాఫీ పొడి ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి! పైగా లోకజ్ఞానం. రాక్‌ఫర్డ్, మిల్వాకీ, డావెన్‌పోర్ట్, ఏ ఊళ్లో కాయిన్ షాపు ముందు పార్కింగ్ ఎలా ఉంటుందో రూతుకి కంఠోపాఠం. కారులో కూర్చుని ఆవిడ అల్లిన స్వెట్టర్లకి ఇంట్లో మనుషులు చాలడం లేదు.

ఒక్క విషయం మాత్రం రూతుకి అంతుపట్టేది కాదు. పచ్చడి జాడీ మూతకి పెసరగింజంత పెచ్చు లేస్తే ఆయన గంటసేపు మాట్లాడాడు. గోడ మీద మేకు పక్కకి జారితే వారం రోజులు దాని వైపు చూసి నిట్టూర్చాడు. ఇక ఆయన కొత్త ఓల్డ్స్‌మొబైల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. షాపింగ్‌కి వెళ్తే దాన్ని అందరి కార్లకీ దూరంగా, ఊరి చివర పెట్టినట్టు పెట్టి, ఇద్దరూ సంచులు మోసుకుంటూ నడిచేవారు. ఎవరి తలుపైనా తగిలి గీత పడితే?

"లిబర్టీ అమ్మాయి మొహం మీద గీత పడితే ముద్దొచ్చింది కదండీ," అంది రూతు ఒకసారి.

"అది చరిత్ర రూతూ. ఇది పెయింటు."

రూతుకి మాట తక్కువ, చూపు ఎక్కువ. అయితే ఆ అక్టోబరులో ఆవిడకొక అవసరం వచ్చిపడింది. గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్‌గా శిక్షణ పొందిన మనిషి. వాళ్ల చర్చిలో పెద్దావిడ, నర్సు దీనమ్మగారు, తన హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం మాట్లాడి పెట్టారు. నవంబరు మొదటి సోమవారం చేరాలి. ఎనిమిది మైళ్లు. బస్సు లేదు. లైసెన్సు రాకపోతే ఉద్యోగమూ లేదు.

లెర్నర్స్ పర్మిట్ ఆర్నెల్లుగా పర్సులోనే ఉంది.

"ఏమండీ, ఈ శనివారమైనా డ్రైవింగ్ నేర్పిస్తారా?"

"ఈ శనివారం రాక్‌ఫర్డ్‌లో షో ఉంది కదా."

"పోయిన శనివారం డావెన్‌పోర్ట్ అన్నారు."

"ఐదో దశ డాలరు ఎక్కడో ఉంది రూతూ. ఎవడి సొరుగులోనో ఉంది. నేను వెళ్లకపోతే ఇంకెవడో కొట్టేస్తాడు."

"ఉద్యోగం కూడా ఇంకెవరో కొట్టేస్తారండీ."

"చూద్దాంలే. పక్క సీట్లో కూర్చుని జాగ్రత్తగా గమనిస్తూ ఉండు. సగం డ్రైవింగ్ దాంట్లోనే వచ్చేస్తుంది."

రెండేళ్లుగా గమనిస్తోంది రూతు. సగం ఎప్పుడో వచ్చేసింది. మిగిలిన సగం స్టీరింగ్ ఉన్న వైపు ఉంది.

ఇంతలో వాళ్ల వీధిలో ఎవరింట్లోనో దొంగలు పడ్డారు. మొదటి మూడు డాలర్లూ వెంటనే బ్యాంకు లాకరులో పెట్టేశాడు. కొత్తగా వచ్చిన నాలుగోదాన్ని లాకరులో పెట్టడానికి దైవాశీర్వాదానికి మనసొప్పలేదు. రోజూ చూసుకోకపోతే ఎలా? ఇంట్లో దాచాలి. అమెరికా దొంగ బెడ్‌రూమ్ వెతుకుతాడు, పరుపు ఎత్తి చూస్తాడు. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టడం వాడికేం తెలుసు? బాపట్లలో ఆయన తల్లి గొలుసు దాచింది బియ్యంలోనే.

సరే, వంటగది అలమర తెరిచాడు. పెళ్లయ్యాక అదే మొదటిసారి. ముందు వరసలో పెద్ద బియ్యం డబ్బా ఉంది. అది రోజూ తీసేది, పనికిరాదు. వెనక మూల నీలం రంగు కాఫీ డబ్బా ఒకటి ఉంది. మూత తీస్తే బియ్యమే. ఎవరూ ముట్టని పాత బియ్యమనుకున్నాడు. డాలరుని చిన్న కవరులో పెట్టి అడుగుకంటా దూర్చాడు. తన తెలివికి తానే మురిసిపోయి, రూతుకి కూడా చెప్పలేదు.

ఆ డబ్బా ఏమిటో మన ఆడవాళ్లలో ఎవరినడిగినా చెబుతారు. చర్చికి వెళ్లే ఇళ్లలో అన్నం వండే ముందు, కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుని పాలు. డబ్బా నిండితే చర్చికి ఇస్తారు. కోత పండుగ నాడు, ఎవరి పెరటిలో కాసిన సొరకాయ, ఎవరు పట్టిన ఊరగాయ, ఈ పిడికెడు బియ్యం, అన్నీ చర్చిలో వేలం వేస్తారు. బాపట్లలోనైనా అంతే, ఇల్లినాయిలోనైనా అంతే. దైవాశీర్వాదం పుట్టినప్పటి నుంచి ఆ వేలాలు చూస్తూనే ఉన్నాడు. బియ్యం ఏ డబ్బాలోంచి వస్తాయో మాత్రం ఎన్నడూ చూడలేదు.

శుక్రవారం నాడు ఆయన ఐదో దశ ఫొటో ఉన్న కేటలాగు పట్టుకుని, భూతద్దంలోంచి చూస్తూ బేస్‌మెంట్ మెట్లు దిగాడు. ఫొటోలో గీత జుట్టు దాటి నక్షత్రాన్ని తాకింది. ఆయన రెండు మెట్లు దాటి నేలని తాకాడు. కుడికాలి మడమ బెణికి బూరెలా పొంగింది.

శనివారం దీనమ్మగారు వచ్చి కట్టు కట్టారు. పదిహేను రోజులు కారు నడపకూడదన్నారు. వెళ్తూ వెళ్తూ మర్నాటి కోత పండుగకి రూతు ఇవ్వవలసినవి తన స్టేషన్ వ్యాగన్‌లో వేసుకున్నారు. రెండు సొరకాయలు, ఒక గోంగూర పచ్చడి సీసా, నీలం కాఫీ డబ్బా. ఆ డబ్బా దైవాశీర్వాదం ముక్కు ముందు నుంచే వెళ్లింది. ఆయన సోఫాలో పడుకుని, కేటలాగు మీద నుంచి తల కొంచెం ఎత్తి, "వందనాలండీ" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి, రెండు రోజులుగా డాలరు చూడలేదన్న బెంగతో, ఆయన కుంటుకుంటూ అలమర దగ్గరికి వెళ్లాడు.

"రూతూ, నీలం డబ్బా ఏది?"

"దేవుని డబ్బానా? నిన్న దీనమ్మగారు తీసుకెళ్లారు కదండీ. మీరు వందనాలు కూడా చెప్పారు."

దైవాశీర్వాదం మొహం పాలిపోయింది. సంగతి చెప్పాడు. రూతు విని, బియ్యం కడుగుతున్న చేత్తోనే ఫోన్ వైపు నడిచింది.

"ఫోన్ చేసి దీనమ్మగారికి చెప్పేద్దామండీ."

"చెప్పకూడదు. కానుకలో పడింది కానుకే అంటారు. వేలం వేసేది మన చర్చి ఆనందబాబు. డబ్బాలో డాలరు ఉందని తెలిస్తే దాన్ని విడిగా పాటకి పెడతాడు. మనం వెళ్లి మామూలుగా బియ్యం పాడుకుని తెచ్చేసుకోవాలి."

"వెళ్లడం ఎలాగండీ?"

చర్చి ఉన్నది షామ్‌బర్గ్ దగ్గర. అమెరికన్ల చర్చి బేస్‌మెంట్‌ని మనవాళ్లు మధ్యాహ్నాలు అద్దెకి తీసుకుంటారు. రెండింటికి వేలం, మూడింటికి ఆరాధన. తెలిసిన ఇళ్లన్నిటికీ ఫోన్ చేస్తే ఒక్కరూ ఎత్తలేదు. అందరూ బయల్దేరిపోయారు. దైవాశీర్వాదం తన కాలు చూసుకున్నాడు. గరాజ్ వైపు చూశాడు. రూతుని చూశాడు. పెళ్లినాటి ప్రమాణాల్లో కూడా లేని మాట అన్నాడు.

"నువ్వు నడుపుతావా?"

రూతు చేతులు కడుక్కుని తాళం తీసుకుంది.

రూట్ 59 ఎక్కేదాకా ఆయన "బ్రేకు, బ్రేకు" అంటూనే ఉన్నాడు. కారు అప్పటికే ఆగి ఉండేది. ఆ తర్వాత ఆయనకి అనుమానం వచ్చింది.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"మీరు మిల్వాకీలో ఉన్నప్పుడు కొంత, రాక్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు కొంతండీ. దీనమ్మగారు హాస్పిటల్ పార్కింగ్‌లో నేర్పించారు."

"నాతో చెప్పలేదే?"

"చెప్పాను. మీరు 'ఆఁ' అన్నారు."

చర్చి దగ్గర చివరి ఖాళీ ఒక్కటే మిగిలింది, ఇనుప స్తంభం పక్కన. రూతు మెల్లగా తిప్పింది. కర్ర్ మని ఒక చప్పుడు వచ్చింది. మామూలు రోజైతే ఆ చప్పుడుకి అంబులెన్సు పిలవవలసి వచ్చేది. ఆ రోజు దైవాశీర్వాదం తలుపు తీసుకుని, "తొందరగా రా, మొదలుపెట్టేసుంటారు," అంటూ ఒంటికాలి మీద గెంతుకుంటూ పోయాడు.

లోపల ఆనందబాబుగారు వేలం వేస్తున్నారు. వారమంతా ఎక్స్‌రే గదిలో "ఊపిరి బిగపట్టండి" అనే ఆయన, ఆ ఒక్కరోజు గొంతు విప్పుతారు. సొరకాయ పదకొండు డాలర్లకి పోయింది. తర్వాత నీలం డబ్బా ఎత్తారు.

"సిస్టర్ రూతుగారి పిడికెడు బియ్యం. రెండు డాలర్లతో మొదలు."

"పది," అన్నాడు దైవాశీర్వాదం.

హాలంతా వెనక్కి తిరిగింది. ఏటా రెండు నిమ్మకాయలు పాడుకుని వెళ్లే మనిషి. దీనమ్మగారు కళ్లద్దాలు సర్దుకున్నారు. ఈ మనిషి పది అన్నాడంటే ఈ బియ్యంలో ఏదో దీవెన ఉండాలి.

"పదిహేను," అన్నారావిడ.

"పాతిక."

"ముప్ఫై. బాబూ, ఇంట్లో బియ్యం లేవా?"

"ఉన్నాయండీ. నలభై."

డెబ్భై దగ్గర దీనమ్మగారు పంతం మీదికి వచ్చారు. తొంభై దగ్గర పాస్టరుగారు కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పారు. నూట ఐదు దగ్గర దీనమ్మగారు వెనక్కి తగ్గారు. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి." దైవాశీర్వాదం గెంతుకుంటూ వెళ్లి చేతులు చాపాడు.

"ఉండండి బ్రదర్," అన్నారు ఆనందబాబు. "డబ్బా స్త్రీల సమాజానిది. బియ్యం సంచిలో పోసిస్తాను." మూత తీసి, డబ్బా వంచబోయారు.

"వద్దు. డబ్బా కూడా కొంటాను."

"డబ్బా కొంటారా? అయితే దానికి వేరే పాట ఉంటుంది."

ఖాళీ కాఫీ డబ్బాకి పాట మొదలైంది. అది ఇరవై రెండు డాలర్లకి పోయింది. అమెరికాలో ఏ కాఫీ డబ్బాకీ అంత గౌరవం దక్కి ఉండదు!

కథ అక్కడితో అయిపోతే బాగుండేది ఆయనకి. పాస్టరుగారు లేచారు. "బ్రదర్‌కి ఇంత ప్రేరేపణ ఎలా కలిగిందో సాక్ష్యం చెబితే సంఘానికి మేలు."

దైవాశీర్వాదం డబ్బాని చంటిపిల్లలా పొదువుకుని, ఒంటికాలి మీద నిలబడి చెమటలు కక్కాడు. ఏదో ఒకటి చెప్పాలి. అబద్ధం చెప్పకూడదు, నిజం చెప్పకూడదు. చివరికి, "మా రూతు ప్రతి పూటా పిడికెడు తీసి పెట్టింది. ఒకే ఇంట్లో ఉంటూ నేను చూడలేదు. ఇవాళ చూశాను. నాకు కాలు బాగాలేకపోతే తనే కారు నడిపి తీసుకొచ్చింది," అన్నాడు.

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. హాలు చప్పట్లతో మారుమోగింది. ఆడవాళ్ల వరసలన్నీ రూతు వైపు తిరిగాయి.

"నేపర్‌విల్ నుంచి నువ్వే నడిపావా?" అని అడిగిందొకావిడ.

"మరింకేం," అన్నారు దీనమ్మగారు, హాలు చివరికి వినబడేలా. "బుధవారం రోడ్డు టెస్టు. కారిస్తారుగా బాబూ? సాక్ష్యం కూడా చెప్పారు."

నూట ఇరవైమంది ఎదుట, చేతిలో దేవుని బియ్యంతో, కాదనడం ఎలా? దైవాశీర్వాదం "ఆఁ" అన్నాడు. ఈసారి విని అన్నాడు.

బయటికి వచ్చాక కారు వెనక తలుపు దగ్గర ఆగిపోయాడు. స్తంభం ఎత్తులో, జానెడు పొడవున, తెల్లగా.

"రూతూ, ఇదేమిటి?"

"గీతండీ."

"నా కారు మీద గీత."

"మొదటి దశండీ. ఇంకా హ్యాండిల్ దాకా పాకలేదు."

ఆయన అలవాటు కొద్దీ జేబులోంచి భూతద్దం తీసి, స్తంభం పట్టుకుని వంగి చూశాడు. దీనమ్మగారు వెనక నుంచి తొంగి చూశారు.

"ఏమంటారు బాబూ, పెరుగుతుందా?"

"పెరుగుతుందండీ," అంది రూతు తాళం తిప్పుతూ. "నవంబరు మొదటి సోమవారం నుంచి రోజూ రానూ పోనూ పదహారు మైళ్లు."

రూతు ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. కారు మీద గీతలు ఇప్పుడు మూడున్నాయి. కాబట్టి అక్కచెల్లెళ్లారా, పగుళ్ల డాలర్ల భర్త దొరకడం పూర్వజన్మ సుకృతమని నేనన్నది నిజమేనని ఒప్పుకోండి. నూట ఎనభై నాలుగేళ్ల కిందటి గీత వెంట్రుకవాసి పెరిగితే కనిపెట్టగల చూపు ఎంతమంది మగవాళ్లకి ఉంది? పక్క సీట్లో ఆర్నెల్లుగా పర్మిట్ పట్టుకుని కూర్చున్న మనిషి ఆ చూపుకి ఆనకపోతే తప్పు చూపుది కాదు, మనిషిదే. ఆవిడ మీద గీత లేదు మరి!

మీ ఇంట్లో ఇంత చూపున్న భర్త ఉండి, కారు తాళం మాత్రం ఇంకా ఆయన జేబులోనే ఉంటే దిగులుపడకండి. ఆయన కాలు బెణకాలని నేను కోరడం లేదు, అంత పాపం నాకొద్దు. బేస్‌మెంట్ మెట్ల మీద బల్బు మాడిపోతే, తొందరపడి మార్చకండి. అంతే.